మెడకు సూది... వాలిన రెప్ప!

ఆపరేషన్ భుజానికి. సూది మాత్రం మెడకు! వెంట వచ్చిన బంధువులకు ఇది వింతే. భుజానికి, చేతికి వెళ్లే నరాలు వెన్నులోంచి బయటికొచ్చి మెడ పక్కనుంచే కిందికి దిగుతాయి. అక్కడ మత్తుమందు ఇస్తే మనిషి మెలకువగా ఉన్నా భుజం మొద్దుబారిపోతుంది. దీన్నే నెర్వ్ బ్లాక్ అంటారు.

చిక్కల్లా మెడ ఇరుకు కావడమే. బెత్తెడు చోటులో బోలెడు నరాలు, మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు, కాస్త కిందనే ఊపిరితిత్తి కొస. మందు పక్క నరాలకు పాకితే అటువైపు కనురెప్ప వాలుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, గొంతు బొంగురుపోతుంది. పక్షవాతమేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోతారు గానీ, మత్తు దిగాక సాధారణంగా ఇవన్నీ సర్దుకుంటాయి. ఊపిరికి సాయపడే డయాఫ్రం కండరం కూడా ఆ వైపు కొన్ని గంటలు పడకేయొచ్చు. ఆరోగ్యవంతులకు చాలాసార్లు ఆ సంగతే తెలియదు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఆయాసం రావొచ్చు. అందుకే ఆస్తమా గానీ, రక్తం పలచబరిచే మాత్రల వాడకం గానీ ఉంటే 'ఆ... అదేముందిలే' అనుకోకుండా ముందే చెప్పాలి.

అసలు భయం మందు రక్తంలో కలిస్తేనే. మెదడుకు వెళ్లే ధమనిలో పడితే కాస్త మందుకే ఫిట్స్ వస్తాయి. మోతాదు ఎక్కువైతే గుండే ఆగొచ్చు. చాలా అరుదు... కానీ జరిగింది. న్యూయార్క్‌లో భుజం ఆపరేషన్ కోసం బ్లాక్ ఇచ్చిన కాసేపటికే ఓ రోగికి ఫిట్స్, ఆ వెంటనే గుండె ఆగడం! ఛాతీ నొక్కారు, షాకులిచ్చారు. ఇరవై నిమిషాలైనా ఫలితం లేదు. చివరికి సోయా నూనెతో చేసిన, పాలలా తెల్లగా ఉండే కొవ్వు ద్రావణం 100 మిల్లీలీటర్లు నరంలోకి ఎక్కించారు. తిండి తినలేని రోగులకు ఆహారంగా ఇచ్చేదే అది! గుండె మళ్లీ కొట్టుకుంది. మనిషి కోలుకున్నాడు. 2006లో ఈ కేసు వైద్య పత్రికకెక్కింది. అంతకు ముందు 1998లో గై వైన్‌బర్గ్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగమే దీనికి దారి చూపింది. రక్తంలోని మత్తుమందును కొవ్వు తనలోకి లాగేసుకుంటుందన్నది ఒక వివరణ.

ఇప్పుడు అల్ట్రాసౌండ్ తెర మీద సూది మొనను చూస్తూనే మందు ఇస్తున్నారు. ముప్పు తగ్గింది, పూర్తిగా పోలేదు. సూది వేస్తున్నంతసేపూ డాక్టరు కబుర్లాడేది కాలక్షేపానికి కాదు. నాలుక తిమ్మిరెక్కినా, నోట్లో ఇనుము రుచి తగిలినా, చెవుల్లో హోరు మొదలైనా మొహమాటపడకుండా అప్పుడే చెప్పెయ్యాలి. ఇంటికొచ్చాక మెడ వాచినా, ఊపిరాడకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.