విదేశములలో బక్షీసు

వేసవి వచ్చినదనగా తెలుగునాట పెద్దలు పలువురు అమెరికాకు ప్రయాణము కట్టుట నేడొక వింత గాదు. కొడుకో కూతురో అచ్చట నుద్యోగమున నుందురు. మనుమని జూచుటకో, కోడలి పురిటికో వీరు పోవుదురు. కొన్ని మాసములుండి తిరిగివచ్చినవారు చెప్పుకొను ముచ్చటలలో నయాగరా జలపాతము తరువాతి స్థానము భోజనశాలలోని బక్షీసునకే చెందును. దాని నచ్చట టిప్పు అందురు. కృష్ణాతీరమున పదియెకరముల మాగాణి గల మా మిత్రులొకరు టెక్సాసు రాష్ట్రమందలి డల్లాసు నగరమున కుమారునింట వేసవి గడపి తిరిగివచ్చి, ఈ విషయమున తమకు గలిగిన మనస్తాపమును మాతో జెప్పుకొనిరి. వారి మాటలలో కొంత న్యాయము లేకపోలేదు. కాని పొరపాటంతకంటె నధికముగ నున్నది. ఆ పొరపాటు వారొక్కరిదే యైనచో మేమీ పంక్తులు వ్రాయబనిలేదు.

జరిగిన దిది. ఒకనాటి సాయంకాలము వారు నలుగురు ఒక భోజనశాలకు బోయిరి. వడ్డించిన పిల్ల పగలు కళాశాలలో చదువుకొనుచు సాయంకాలములందు పని చేయుచున్నదట. మాంసము తగులని వంటకము లేవియో యొక్కొక్కటిగ విడమరచి చెప్పినది. కారము చాలదనగా రెండుమారులు వంటయింటికి బోయి తెచ్చినది. బిల్లు 60 డాలర్లు. దానిపై నూటికి 8.25 చొప్పున పన్ను 4 డాలర్ల 95 సెంట్లు. కుమారుడు ఫోనులో మాటాడుటకు వెలుపలికి బోయియుండగా తండ్రిగారు 65 డాలర్లు బల్లపై నుంచి లేచిరి. ఆ పిల్ల వాకిటివరకు వచ్చి, సేవలో నేమైన లోపము జరిగినదా యని వినయముగనే యడిగినది. లోపమేమియు లేదని చెప్పి వీరు వచ్చివేసిరి. సంగతి విన్న కుమారుడు మరల లోనికి బోయి, ఏమో యిచ్చి వచ్చి, ఇల్లు చేరువరకు తండ్రితో మాటాడలేదట. "వ్రాసిన వెలకు నైదు సెంట్లు హెచ్చుగనే యిచ్చితిని గదా! నేను జేసిన తప్పేమి?" అని మా మిత్రుల ప్రశ్న.

వారు మరియొక మాటయు ననిరి. ఆ దేశాచారము చొప్పున నూటికి 20 వంతున నీయవలసినది 12 డాలర్లు. మన లెక్కకు సుమారు వేయి రూపాయలు. తమ పొలమున దినమంతయు నడుము వంచి నాటువేయు స్త్రీకి అంత కూలి లేదే, పళ్లెము తెచ్చి ముందు బెట్టినంత మాత్రమున అంత యెట్లిత్తుమని వారి వాదము.

డాలరును రూపాయలుగ మార్చి గుండె పట్టుకొనుట మనవారి కందరికి నున్న అలవాటే. ఆ పిల్ల ఇంటియద్దెను రూపాయలలో చెల్లించుట లేదన్నది స్పష్టము. అది యటుండనిండు. నాటువేయు స్త్రీకి కూలి యిచ్చువారెవరు? పొలము గలవారు. ఆ పొలమున బండిన బియ్యమును బజారులో కొనుక్కొను పట్టణవాసిని "ఆమె కూలి నీవు వేరుగ నిచ్చుకొనుము" అని యెవ్వరును అడుగరు. అమెరికా భోజనశాలలలో నడుగుచున్నది సరిగ నదియే.

ఆ దేశపు సమాఖ్య శాసనము ననుసరించి కనీసపు వేతనము గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. 2009 నుండి అది మారలేదు. కాని టిప్పులు వచ్చు పనివారికి యజమాని తన పెట్టెలోనుండి 2 డాలర్ల 13 సెంట్లు మాత్ర మిచ్చిన చాలును. ఈ యంకె 1991 నుండి కదలలేదు. తక్కిన 5 డాలర్ల 12 సెంట్లు తినవచ్చినవాడిచ్చునని శాసనకర్తలు ముందుగనే లెక్కవేసికొనిరి. టిప్పులంత రానిచో యజమాని పూరింపవలెనను నిబంధన లేకపోలేదు. కాని యజమానిని నిలవేసి యడిగి, మరునాడు మరల వానియొద్దనే పనికి నిలుచుట యెంత సులభమో పని చేసినవారికి దెలియును. కాలిఫోర్నియా, వాషింగ్టను, ఆరెగాను, నెవాడా, మిన్నెసోటా, మాంటానా, అలాస్కా రాష్ట్రములు ఏడింటిలో యజమానియే పూర్తి కనీస వేతన మీయవలెను. టెక్సాసు వానిలో జేరదు. ఇంకొక సంగతి మనవారికి బొత్తిగ దెలియదు. పెక్కు భోజనశాలలలో వడ్డించువారు తమ బల్లలపై జరిగిన యమ్మకములో నింతవంతని లెక్కగట్టి, బల్లలు తుడుచువానికి, పానీయములు కలుపువానికి పంచవలసియుండును. ఒక బల్లవారు ఏమియు నీయక లేచిపోయినచో ఆ వంతు వడ్డించినవారి చేతినుండియే పోవును. అనగా మా మిత్రుల బల్లవలన ఆ పిల్లకు రాబడి లేకపోవుటయే గాక, చేతిసొమ్ము పోవలసిన యవస్థయు గలుగవచ్చును.

దీనికి బక్షీసని పేరు పెట్టుటతోనే మనము దారి తప్పుచున్నాము. బక్షీసనగా దొర ప్రసన్నుడై విసరునది. విసరకున్నను అడుగువాడు లేడు. టిప్పునకు సరియైన పోలిక వేరొకటి మన పల్లెలలోనే గలదు. కళ్లములో ధాన్యము కొలుచునప్పుడు చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి మేర కొలిచిపెట్టుట మన తాతలనాటి కట్టుబాటు. దానిని దానమని యెవ్వరును అనలేదు. ఏడాది పొడుగున నాగలి చెక్కినవానికి, కొడవలికి పదును పెట్టినవానికి కళ్లమున రావలసిన భాగమది. మేర కొలువక గింజలన్నియు బండి కెత్తించుకొని పోయిన రైతును ఊరివారు పిసినారి యనరు. పరుల సొమ్ము తిన్నాడందురు. డల్లాసులో మా మిత్రులు చేసినది మేర పెట్టక బండి తోలుకొని పోవుటయే. ఈ మాట వారి మొగము మీదనే అంటిమి. వారు కొంతసేపు ఊరకుండిరి.

మేర పద్ధతి ఉత్తమమని మా యభిప్రాయము గాదు. పంట పోయిన యేట మేరయు పోవును. రైతునకు కోపము వచ్చిన యేట కొలత తరుగును. ఊరిలో పదియిండ్లవారి దయాదాక్షిణ్యములపై బ్రదుకవలసిన వానికి పెదవి విప్పి మాటాడు స్వాతంత్ర్య ముండదు. నెలజీతము చాలనిచోట మనుష్యుడు ఎదుటివాని మొగము చూచి బ్రదుకును. వెకిలిమాటలాడిన త్రాగుబోతును చూచి గూడ నవ్వవలసిన వడ్డనపిల్ల స్థితియు నట్టిదే. ఆ నవ్వులో సగము టిప్పు కొరకే యని తెలిసియు దానిని అమెరికనుల మర్యాదయని మెచ్చుకొనువారిని చూచి మాకు జాలి గలుగును.

ఈ యాచారము అమెరికాలో పుట్టినది గాదు. 19వ శతాబ్దమున ఐరోపాఖండమునకు విహారయాత్రలు చేసిన అమెరికా ధనికులు దీనిని తమతో గొనివచ్చిరి. అంతర్యుద్ధానంతరము దాస్యవిముక్తులైన నల్లజాతివారిని పుల్‌మన్ కంపెనీ తన రైలు పడకపెట్టెలలో పరిచారకులుగ జేర్చుకొని, కొద్దిపాటి జీతమిచ్చి, మిగిలినదానికి ప్రయాణికుల చేతివైపు చూడ నిలిపినది. ఆ పరిచారకుల కందరికి ప్రయాణికులు పెట్టిన పిలుపొక్కటే, "జార్జి". అది వారిలో పెక్కుమంది పేరు గాదు. కంపెనీ యజమానియైన జార్జి పుల్‌మన్ పేరు. బానిసను స్వామి పేరుతో బిలుచు పాతవాడుక బానిసత్వము పోయిన తరువాతను పోలేదు. బానిసలకు విముక్తి ప్రకటించిన అబ్రహాం లింకన్ కుమారుడు రాబర్టు లింకనే 1897 మొదలు 1911 వరకు ఆ కంపెనీ కధ్యక్షుడుగ నుండెననిన పాఠకు లాశ్చర్యపడవచ్చును. ఆ పరిచారకులు 1925లో ఫిలిప్ ర్యాండాల్ఫ్ నాయకత్వమున సంఘముగ నేర్పడి, పండ్రెండేండ్లు పోరాడి, 1937లో కంపెనీ చేత ఒడంబడికపై సంతకము చేయించుకొనిరి.

టిప్పు ప్రజాప్రభుత్వమునకు దగనిదనియు, ఒకనిని దొరను మరియొకనిని యాచకుని జేయుచున్నదనియు ఆనాడు నిరసించిన అమెరికను లెందరో గలరు. వాషింగ్టను రాష్ట్రము 1909లో దానిని నిషేధించుచు శాసనము చేసినది. మరికొన్ని రాష్ట్రములు ననుసరించినవి. 1926 నాటికి ఆ శాసనములన్నియు రద్దయ్యెను. ఇప్పుడు 2025లో చేసిన సమాఖ్య శాసనము వలన 2028 వరకు ఏటికి 25,000 డాలర్ల వరకు టిప్పుల రాబడికి ఆదాయపు పన్నులో మినహాయింపు గలిగినది. పనివారి కది కొంత ఊరటయే. కాని రెండు డాలర్ల పదమూడు సెంట్లను కదల్పక, టిప్పునకే రాజముద్ర వేసినట్లయినదని మా తలంపు. పద్ధతి చెడ్డదని మా మిత్రులన్నచో మేమును అందుము. అయినను ఆ తగవు యజమానులతోను, శాసనకర్తలతోను పెట్టుకొనవలసినదే కాని, దానికి జరిమానా వడ్డించిన పిల్లచే కట్టింపరాదు.

అట్లని చేయిచాచిన ప్రతిచోట నీయవలెనని గాదు. నేడు కాఫీదుకాణములలో గూడ వెల చెల్లించు యంత్రపు తెరను మనవైపు త్రిప్పి, నూటికి 18, 20, 25 అని యంకెలు చూపుచున్నారు. మనమే నిలుచుండి మనమే గిన్నె యెత్తుకొని పోవుచోట ఏమియు నీయననుటకు సంకోచింప నక్కరలేదు. మనవారు పదిమంది కలిసి భోజనమునకు బోవుదురు. అట్టి గుంపులకు బిల్లులోనే సేవారుసుము కలిపివేయుట పెక్కుచోట్ల వాడుక. బిల్లు చదువక దానిపై మరల నిచ్చి మోసపోయితిమని వగచువారును గలరు. కంటికి కనబడనందున మరచిపోబడునది వసతిగృహములో గదులు శుభ్రపరచు స్త్రీ. మనము ఊరు చూడబోయినప్పుడు వచ్చి, మన దుప్పట్లు మార్చి పోవును. ఆమెకు దినమునకు రెండు మూడు డాలర్లయినను ఏనాటికానాడు దిండుచెంత నుంచవలెను. కడపటి దిన మొక్కసారిగ నుంచిన, అంతకుముందు పని చేసినది వేరొకతె కావచ్చును.

అమెరికాలో నిది యలవాటు చేసికొని, తిరుగుదారిలో జపానులో దిగినవారికి వేరొక చిక్కు వచ్చును. అచ్చట బల్లపై డబ్బుంచి లేచిన, మరచిపోయితిరని తలచి పనివాడు వీధిలోనికి పరుగెత్తి తెచ్చి యిచ్చును. టాక్సీవాడు చిల్లర లెక్కపెట్టి చేతిలో బెట్టును. బలవంతముగ నిచ్చిన, తన పనికి జీతము లేదని మీరు భావించితిరని నొచ్చుకొనును. ప్రాచీనరీతి విడుదులలో మాత్రము, సేవ చేయు స్త్రీకి కొందరు క్రొత్తనోట్లను కాగితపు సంచిలో నుంచి, వచ్చిన వెంటనే రెండుచేతుల నిత్తురు. విడినోటు చేతికిచ్చుట మోటుతనము. తాంబూలములో దక్షిణ యిచ్చుట దెలిసిన మనవారికి ఇది వివరింప బనిలేదు.

ఐరోపాలో నింకొక తీరు. ఫ్రాన్సులో 1987 నుండి పట్టికలో వ్రాసిన వెలలోనే సేవారుసుము కలిసియుండవలెనని నియమము. తృప్తి గలిగిన కొన్ని నాణెములు వదలుదురు, అంతే. జర్మనీలో డబ్బు బల్లపై వదలి పోవుట గాక, చెల్లించునప్పుడే మొత్తమింత తీసికొనుమని నోట చెప్పుదురు. సింగపూరులో పెక్కు భోజనశాలలు నూటికి 10 సేవారుసుమును, దానిపై 9 పన్నును తామే వేయును, వేరుగ నీయబనిలేదు. లండనులో బిల్లున సేవారుసుము కలదేమో చూచుకొనవలెను. అది పనివారికి జేరునా యను సందేహము పూర్వముండెడిది. 2023లో చేసి 2024 అక్టోబరు 1వ తేదీనుండి అమలుపరచిన శాసనముచే బ్రిటనులోని యజమానులు టిప్పులను పూర్తిగ పనివారికే యీయవలసియున్నారు.

సొమ్మునకంటె ముఖ్యమైనది పిలుపు. చిటికె వేసి పిలుచుట, గ్లాసుపై చెంచాతో కొట్టుట, "ఏయ్" అనుట, ఇరువది డాలర్లిచ్చినను మాసిపోవు తప్పులు గావు. ఇవి మనవారు విమానమెక్కిన తరువాత నేర్చుకొన్నవి కావు. ఇచ్చటి కాఫీహోటళ్లలో తండ్రివయస్సు గల సర్వరును "ఒరే అబ్బాయి" యని బిలుచువా రున్నంతకాలము, జార్జి కథ అమెరికనులదే యని మనము నవ్వుకొనుటకు వీలులేదు. మన దేశమున హోటళ్లవారు బిల్లులో సేవారుసుమును తమంతట కలుపరాదని వినియోగదారుల రక్షణాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకములు చేసినది. ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము 2025 మార్చి 28వ తేదీన వానిని సమర్థించినది. తినువారి హక్కు నిలిచినది, మంచిదే. గిన్నెలు కడుగు కుఱ్ఱవాని జీతమెంతయని ఆ వ్యాజ్యము నెంతో యాసక్తితో చదివిన పెద్దమనుష్యులలో నెవరైన తమ యూరి హోటలులో నడిగిరేమో మేము వినలేదు.

మా మిత్రులు వచ్చు వేసవిని మరల డల్లాసు పోనున్నారు. మేర సంగతి చెప్పిన రెండుదినములకు వారు మరల మాయింటికి వచ్చి, కాఫీ త్రాగి, లేవబోవుచు, ఆనాడు ఆ పిల్లకు తక్కువపక్షము ఎంత రావలసినదని యడిగిరి. నూటికి 18 వంతున లెక్కించినను 10 డాలర్ల 80 సెంట్లని చెప్పితిమి. కుమారు డెంత యిచ్చినాడో తెలిసినదా యని మేమడుగగా, ఇరువదియట, నిన్న ఫోనులో అడిగి తెలిసికొంటినని చెప్పి చెప్పులు తొడుగుకొనిరి.