మామగారి గడియారము – కోడలి నిద్ర

వృద్ధాప్యమున మతి తప్పుటను మనవారు చిరకాలమునుండి చాదస్తమని యెంచి, నవ్వి, ఊరకుండుచు వచ్చిరి. ఇది చాదస్తము కాదు. మెదడును క్రమక్రమముగ క్షీణింపజేయు వ్యాధి. వైద్యులు దీనిని డిమెన్షియా యందురు. దీనిలో మిక్కిలి తఱచైన రూపమును 1906లో అల్జైమర్ అను జర్మను వైద్యుడు లోకమునకు తెలిపెను. 2023లో వెలువడిన జాతీయ పరిశోధన ననుసరించి, మన దేశమున అరువది యేండ్లు దాటినవారిలో నూటికి 7.4 వంతున, అనగా ఇంచుమించు 88 లక్షల మంది దీని పాలబడియున్నారు. పురుషులకంటె స్త్రీలయందును, పట్టణములకంటె పల్లెలయందును ఇది యెక్కువ. ఇందఱిని కనిపెట్టియున్నవారెవరు? ఆసుపత్రులు కావు, ఆశ్రమములు కావు. ఇంటివారు, ఇంటివారిలోను ఆడువారు.

మేమెఱిగిన యొక కుటుంబమున మామగారు ముప్పది యేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రమించినవారు. ఇప్పుడు వారికి తెల్లవారుజామున నాలుగు గంటలకు బడి జ్ఞప్తికి వచ్చును. గడియ తీసి చీకటిలో బయలుదేరుదురు. రెండు పర్యాయములు రైలుకట్ట యొద్ద దొరికిరి. అంతట కోడలు గడపకడ్డముగా చాప వేసికొని పరుండసాగెను. ఏడాదిన్నర కాలము ఆమె తెల్లవార్లు కన్నుమూసిన రాత్రి యొకటియు లేదు. భర్త సజ్జనుడే, ఉద్యోగము పొరుగూర. ఆడుబిడ్డలు పండుగకు వచ్చి, “నాన్నగారు చిక్కిపోయినారు వదినా” అని పలికి పోదురు. వదిన చిక్కిన సంగతి వారి కంటబడలేదు.

ఈ యింటికి ఇటీవల నొక చేతి గడియారము వచ్చినది. ఉపగ్రహ సంకేతములనుబట్టి ధరించినవా రెచ్చటనున్నదియు అది చెప్పును. ఇంటిచుట్టు ఇంతదూరమని ఫోనులో నొక గీత గీచి పెట్టినచో, వృద్ధుడు ఆ గీత దాటగనే ఫోను మ్రోగును. అట్టి గడియారములలో కొన్ని మనిషి పడిపోయిన కుదుపును గుర్తించును. చర్మముపై ఆకుపచ్చని వెలుగు ప్రసరింపజేసి నాడిని లెక్కించును. వ్యాధిని ఇది కుదుర్చదు. కాని గడియారము వచ్చిన కొన్నాళ్లకు చాప గడపనుండి గదిలోనికి మాఱినది. ఈ సాధనమును మేము మెచ్చుటకు అంతకుమించిన కారణ మక్కఱలేదు.

లోపములు లేకపోలేదు. ఇంటికప్పు క్రింద ఉపగ్రహ సంకేతము సన్నగిల్లును. ప్రతిదినము ఛార్జింగు పెట్టవలె. ఆ పనియు కోడలిదే. ఒకనాడు పంతులుగారు దానిని విప్పి బియ్యపు డబ్బాలో దాచిరి! పాశ్చాత్యదేశములలో ఈ యంత్రమును బూట్ల యడుగున అమర్చి అమ్మినారు. పాదరక్షలు అరుగుమీద విడిచి, మతి తప్పినపుడు వట్టికాళ్లతో వీధినిబడు మన వృద్ధులకు అవి యేమి యక్కఱకు వచ్చును? అరువది యేండ్లుగ ఒంటినుండి విప్పని మొలత్రాడునకో, దండకడియమునకో తగిలించు యంత్రమును చేయువారు మనలో లేరా? జపానులో ఇరుమా అను పట్టణమువారు 2016లో వృద్ధుల గోళ్లపై అంటించు చిన్న క్యూఆర్ గుర్తులను ఏర్పాటుచేసిరి. దారితప్పినవా రెవరైనది వానివలన తెలియును. వానికి ఛార్జింగుతో పనిలేదు.

అయినను మా ముఖ్యమైన ప్రశ్న యంత్రమును గూర్చినది కాదు. గంట ఎవరి ఫోనున మ్రోగవలెను? అనేక గృహములలో ఆ సంఖ్య కోడలిదే, లేదా భార్యదే. అట్లయినచో యంత్రము ఆమె భారమును తగ్గించుటకు మాఱుగా, ఆమె బజారునకు పోయినను వెంటనంటి వచ్చు మఱియొక కాపలా యగును. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టమును మేము కోర్టులో పలుమాఱులు చేతబట్టినాము. అందు “సంతానము” అను మాటకు కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు అనియే యర్థము చెప్పబడియున్నది. కోడలి పేరు లేదు. చట్టము కొడుకు కూతుళ్ల నడిగిన బాధ్యతను లోకాచారము కోడలి నెత్తిన పెట్టినది. కావున గంట మొదట కొడుకు కూతుళ్ల ఫోనులందు మ్రోగుటయే న్యాయము. వారు దూరముననున్నచో పొరుగువానిని లేపుదురు గాక.

వృద్ధుని పక్షమునను ఒక మాట చెప్పవలసియున్నది. తానెచటికి పోయినది, ఎంతసేపు నిద్రించినది ఒరులు క్షణక్షణము తెలిసికొనుట చిన్న విషయము కాదు. వ్యాధి తొలిదశలో మనసు తేటగనే యుండును. అప్పుడే ఆయనను కూర్చుండబెట్టి, అడిగి, ఇష్టమును వ్రాసికొనవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టపు 14వ సెక్షనులోని పరిమిత సంరక్షకత్వము కూడ, పరస్పర విశ్వాసముతో ఇద్దఱు కలిసి చేయు నిర్ణయమే గాని, ఒకరు ఒకరిపై చెలాయించు పెత్తనము కాదు. గడియారములోని సమాచారము అమ్మిన కంపెనీవారి యొద్ద చేరుచున్నదన్న సంగతియు మఱువరాదు. ఆ పత్రము చదువకయే సమ్మతి నొక్కువారిని మేము నిత్యము చూచుచున్నాము. (వకీళ్లును చదువరు, మేమును చదువలేదు.)

పేదయింటి మాట యేమి? ప్రభుత్వమువారు వృద్ధులకై 14567 అను సహాయసంఖ్యను నడుపుచున్నారు. అది సంతోషకరమే. అయితే వైద్యుడు వ్రాసియిచ్చినచో వినికిడి యంత్రమువలె ఈ గడియారమును జిల్లా ఆసుపత్రిలో ఉచితముగ నియ్యవలెను. అందలి మాట తెలుగున నుండవలెను. ఇంటివా రెవరును పలుకనపుడు గంట పోలీసుఠాణాకు చేరవలెను. వట్టి గడియారములు పంచి ఫోటోలు దిగినందువలన తప్పిపోయిన వృద్ధుడు దొరకడు. గంట విని లేచి నడచు మనుష్యు డుండవలెను.

పంతులుగారి యింట గత మాసమునుండి గంట ముందుగ పొరుగూరి కొడుకు ఫోనున మ్రోగుచున్నది. వారములో రెండు రాత్రులు పెద్దకూతురి వంతు. మొదటి రాత్రియే ఆమె మూడుమాఱులు లేచి, తెల్లవారగనే వదినకు ఫోను చేసి, చాలసేపు ఏమియు మాటాడలేక పోయినదట.