జేసీబీ కన్నా ముందు సర్వే రావాలె

2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌ల బసవేశ్వర, సంగమేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన చేసిండ్రు. సింగూరు నీళ్లు ఖేడ్, అందోల్, జహీరాబాద్ చెలకలకు పారాలన్నది మన ఏండ్లనాటి గోస. ఆ నీళ్లకు మేం అడ్డం కాదు. కానీ కాలువలు, పైపులైన్లు అంటే ఊరూరా మట్టి కదులుతది. సిర్గాపూర్ దిక్కు ఏ పాటిగడ్డ మీదికో మిషను వస్తే, ముందుగాల అండ్ల ఏమున్నదో చూసేదెవరు?

చట్టం ఉన్నదంటరు. 1958 చట్టం రక్షిత కట్టడాలకే కాపలా. 2010 సవరణతో వాటి చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతి తప్పనిసరి. మరి జాబితాకెక్కని గడ్డ సంగతేంది? చూడకుంటే జాబితాకెక్కదు, జాబితాల లేదని చూడరు. ఇదెక్కడి న్యాయం?

మన సంగారెడ్డి జిల్లాలనే కొండాపూర్ ఉన్నది. 1940లల్ల కోటగడ్డను తవ్వితే శాతవాహనుల కాలం నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు బయటపడ్డయి. ఆనాడు తవ్వింది పురావస్తు శాఖ కాబట్టి మ్యూజియం దక్కింది. అదే గడ్డ మీదికి మొరం కాంట్రాక్టరు ముందొస్తే ఏం మిగిలేది?

చేయలేరా అంటే చేసిండ్రు. సాగర్ నీళ్లు ముంచకముందే 1954 నుంచి ఆరేండ్లు నాగార్జునకొండను తవ్విండ్రు. ఇటు ఒడ్డున నల్లగొండ ఏలేశ్వరంల గూడ తవ్వకాలు జరిగినయి. శ్రీశైలం ముంపుల పోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌ల నిలబెట్టిండ్రు. డ్యాము ఆగలేదు, చరిత్ర పోలేదు. పెద్ద డ్యాముకు చేసింది చిన్న కాలువకు చేయరాదా?

సర్వే అంటే రైతు భూమి గుంజుకునుడు కాదు. తెలిసినోళ్లు కాలువ గీత వెంట నడుచుడు. పెంకులు, బూడిద, వరుసగ పాతిన గుండ్లు రాసుకునుడు. అనుమానమున్నకాడ చిన్న గుంత తీసి చూసుడు. ఏం లేకుంటే పని నడుస్తది. ఉంటే గీతను పక్కకు జరపాలె, లేదంటే పద్ధతిగ తవ్వి రాసుకున్నంకనే మిషను దించాలె. ఇంగ్లండుల 1990 నుంచి ఈ ఖర్చు కట్టెటోళ్ల మీదనే పెట్టిండ్రు.

అందుకే మేం అడిగేది మూడే. టెండరుకు ముందే సర్వే, ప్రాజెక్టు పైసలతోనే సర్వే. దాని రిపోర్టు తెలుగుల గ్రామసభ ముంగట చదవాలె. మట్టి తిరగబడ్డంక వచ్చే ఆఫీసరుకు పంచనామా రాసుడే పని. మాకు పంచనామా వద్దు, చరిత్ర కావాలె. నీళ్లూ కావాలె.