ముందు ఏ మంచం దగ్గరికి?

వార్డులో నలుగురు రోగులు, ఒక్కరే నర్సు. ఒకాయనకి షుగరు 180 ఉంది. నిన్న ఆపరేషనైన ఆవిడ కుట్ల దగ్గర నొప్పి అంటోంది. మూడో ఆయన డిశ్చార్జి కాగితాల కోసం గొడవ చేస్తున్నాడు. రక్తం ఎక్కిస్తున్న పెద్దాయన మాత్రం ‘చలిగా ఉందమ్మా, నడుం లాగేస్తోంది’ అని మెల్లగా గొణుగుతున్నాడు. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

పెద్దాయన దగ్గరికే. వెళ్లగానే చేయాల్సిన పని? ‘డాక్టరుకి ఫోన్’ అన్నారో... తప్పు! ముందు రక్తం ఆపాలి. గొట్టం మార్చి సెలైన్ పెట్టాలి. ఫోన్ ఆ తర్వాతే.

అమెరికాలో నర్సుగా పనిచేయాలంటే రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్షలో ప్రశ్నలు ఇలాగే ఉంటాయి. నాగపూర్ హైవే మీద మేడ్చల్, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట... ఈ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో పనిచేసే అమ్మాయిలు పరీక్ష కోసం మరో రాష్ట్రం వెళ్లక్కర్లేదు, హైదరాబాద్‌లోనే కేంద్రం ఉంది. 1994 నుంచీ ఇది కంప్యూటర్ పరీక్షే. మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు. సమయం ఐదు గంటలు. 2023 ఏప్రిల్ నుంచి ఒకే రోగి కథను మలుపు మలుపుకీ చూపించి అడిగే ప్రశ్నలూ చేరాయి.

చిక్కల్లా ఎక్కడంటే, మనకి ‘గుండె వైఫల్యం లక్షణాలు రాయుము’ అంటే పేజీలు నింపడం అలవాటు. అక్కడేమో ‘గుండె జబ్బు రోగి రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగాడు, ఏం చేస్తావు?’ అంటారు. ఒంట్లో నీరు చేరుతోందని పసిగట్టాలి. అందుకే రోజుకి ఎన్ని ప్రశ్నలు చేశామన్న లెక్క కన్నా, తప్పు ఎందుకు పోయిందో సొంత మాటల్లో రాసుకోవడం మేలు. డ్యూటీలో ఉన్నప్పుడే ‘నా రోగుల్లో ముందు ఎవరు?’ అని ప్రశ్నించుకుంటే అదే సాధన. శ్వాసదారి, ఊపిరి, రక్తప్రసరణ... ఈ వరస మరవకూడదు.

అమ్మానాన్నలకో మాట. పరీక్ష పాసవడమంటే విమానం ఎక్కడం కాదు. ఇంగ్లిషు పరీక్ష వేరే ఉంటుంది. ఆపైన గ్రీన్‌కార్డు కోటాలో భారతీయులకి ఏళ్ల తరబడి క్యూ! ‘ఆర్నెల్లలో పంపిస్తాం’ అనే ఏజెంటు చేతిలో పొలం అమ్మిన డబ్బు పెట్టకండి. జర్మనీ, జపాన్ వైపు మనసుంటే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ని అడగండి. నైట్‌డ్యూటీ చేసి వచ్చిన పిల్లకి పెళ్లి సంబంధాల ఊసెత్తకుండా రెండు గంటలు వదిలేస్తే, కోచింగ్ ఫీజు కట్టినంత సాయం.

ఈ చదువు వృథా పోదు. షుగరున్న తాతయ్యకి చెమటలు పట్టి, కొలిస్తే 70 కన్నా తక్కువ ఉంటే ఏం చేయాలి? తెలివిలో ఉంటే మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు తాగించి, పావుగంటకి మళ్లీ పరీక్షించాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. వీసా ఎప్పుడొచ్చినా రానీ... ఈ తెలివిడి మాత్రం ఇవాళ రాత్రి డ్యూటీకే పనికొస్తుంది!