‘ఆర్టికల్ 15’ గొప్ప సినిమానా? నేను ఒప్పుకోను



2019 జూన్‌లో వచ్చిన ‘ఆర్టికల్ 15’ అనే హిందీ సినిమాను పెద్దలు చాలామంది మెచ్చుకున్నారు. ఫిలింఫేర్ విమర్శకుల అవార్డుల్లో ‘సోన్‌చిరియా’తో కలిపి దీన్ని ఉత్తమ చిత్రం అన్నారు. హీరో ఆయుష్మాన్ ఖురానాకు కూడా అవార్డు ఇచ్చారు. కులం గురించి ఇంత ధైర్యంగా ఎవరు తీశారు, పిల్లలకు చూపించండి అని ఇప్పటికీ చెప్తుంటారు. నేను చూశాను. నాకు కోపం వచ్చింది. ఎందుకో రాస్తున్నాను. ఒప్పుకోనివాళ్లు వచ్చే సంచికలో జవాబు రాయండి.

రాజ్యాంగంలో 15వ అధికరణం ఏమంటుంది? మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిని చూసి ప్రభుత్వం ఎవరినీ తక్కువ చేయకూడదు అంటుంది. అంగళ్లు, హోటళ్లు, బావులు, రోడ్లు అందరివీ అంటుంది. ‘పుట్టిన చోటు’ అనే మాటను కామాటిపురా పిల్లలు రెండుసార్లు చదవాలి. మన గల్లీ పేరు చెప్పగానే ఎదుటివాళ్ల మొహం ఎట్లా మారుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. అంటే ఈ అధికరణం మన గురించి కూడా. అందుకే ఆ పేరుతో వచ్చిన సినిమాను నేను ఊరికే వదిలిపెట్టను.

కథ మీకు తెలిసే ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లో ఒక ఊరు. కూలి మూడు రూపాయలు పెంచమని అడిగినందుకు ముగ్గురు దళిత అమ్మాయిలను ఎత్తుకుపోతారు. ఇద్దరిని చంపి చెట్టుకు వేలాడదీస్తారు. మూడో అమ్మాయి కనబడదు. ఢిల్లీలో చదువుకుని, విదేశాలు తిరిగి వచ్చిన బ్రాహ్మణ ఐపీఎస్ ఆఫీసరు అయాన్ రంజన్ ఆ కేసు పట్టుకుంటాడు. చివరికి ఆ అమ్మాయి దొరుకుతుంది.

నా మొదటి అభ్యంతరం ఆ మూడు రూపాయల గురించే. ఆ మూడు రూపాయలు ఎంతో హీరో లెక్క చెప్తాడు, మినరల్ వాటర్ గుక్కలతో పోల్చి. మంచి డైలాగే. కానీ చెప్పేది ఎవరు? ఎప్పుడూ కూలికి పోనివాడు. యజమాని ముందు నిలబడి ‘పెంచండి’ అనడానికి ఎంత గుండె కావాలో తెలుసుకోవాలంటే, పొద్దున్నే నాకా మీద పని కోసం నిలబడే మన నాన్నలను అడగాలి. ‘రేపటి నుంచి రాకు’ అన్న ఒక్క మాటతో ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. అయినా ఆ అమ్మాయిలు అడిగారు. ఈ కథలో అందరికంటే ధైర్యం వాళ్లదే. సినిమా మాత్రం వాళ్లను ఎక్కువసేపు శవాలుగానే చూపిస్తుంది.

రెండోది, గటారు సీను. ఒక మనిషి మ్యాన్‌హోల్‌లో పూర్తిగా మునిగి, నల్లని మురికితో పైకి వస్తాడు. అందరూ ఆ సీనునే పొగుడుతారు. ఆ మనిషి పేరేమిటి? ఇల్లెక్కడ? అతనికి పిల్లలున్నారా? సినిమా చెప్పదు. 2013లోనే ఈ పని చేయించడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది కదా, మరి అతన్ని లోపలికి దింపింది ఎవరు? అదీ అడగదు. మనం అయ్యో అనుకుని ఊరుకోవడానికే అతను పైకి వచ్చాడు. జాలి పడితే చాలు, పని అయిపోయినట్టే.

మూడోది దళిత నాయకుడు నిషాద్. చదువుకున్నవాడు, బాగా మాట్లాడతాడు, జనం అతని మాట వింటారు. అతన్ని చంపేస్తారు. ఊరిని నిలబెట్టగలిగినవాడు చచ్చిపోతాడు, బయటినుంచి వచ్చినవాడు గెలుస్తాడు. ఇట్లా చూసి చూసి మన పిల్లలు ఏం నేర్చుకుంటారు? ఎవరో ఒక పెద్ద సారు వచ్చేదాకా ఆగాలి అని నేర్చుకుంటారు.

దీనికి ఒక జవాబు నేను విన్నాను. ‘పెద్దకులం హీరోను పెడితేనే పెద్దకులంవాళ్లు చూస్తారు, మారతారు’ అని. సరే, వాళ్లు మారితే మంచిదే. కానీ వాళ్లు ఆ సినిమాలో తమను ఎవరిలో చూసుకుంటారు? మంచి ఆఫీసరులో. చంపినవాళ్లలో చూసుకోరు, నోరు మూసుకున్నవాళ్లలో కూడా చూసుకోరు. చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. అద్దంలో అందమైన మొహమే కనబడితే ఎవరు కడుక్కుంటారు?

నిజంగా జరిగిన కథ చూడండి. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టారు. అక్కడే ప్రత్యేక కోర్టు పెట్టారు. చంపినవాళ్ల ఊళ్లోనే ఉంటూ సాక్ష్యం చెప్పడమంటే మాటలా? 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. సినిమాలో అట్లా కాదు. చివర్లో పోలీసులంతా కలిసి ఒక అవ్వ దగ్గర రొట్టెలు తింటారు. ఆమెను కులం అడిగితే జవాబు లారీ చప్పుడులో కలిసిపోతుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ చుండూరువాళ్లకు ఏ లారీ చప్పుడూ అడ్డం రాలేదు. వాళ్ల కులం ఏమిటో అందరికీ వినబడింది.

మన కామాటిపురాకు కూడా ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. కామాటీలంటే బొంబాయి కట్టడానికి తెలుగు దేశం నుంచి వచ్చిన పనివాళ్లు. 1873లో జోతిబా ఫూలే పుణేలో సత్యశోధక్ సమాజ్ పెట్టారు. ఆయనకు బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో రామయ్య వ్యంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. మనవాళ్లు ఎవరో వచ్చి కాపాడతారని కూర్చోలేదు.

మంచి సినిమా ఎట్లా ఉంటుందో చూడాలంటే నాగరాజ్ మంజుళే 2013లో తీసిన మరాఠీ ‘ఫండ్రీ’ చూడండి. ఆయన రాళ్లు కొట్టే వడ్డర్ సమాజంలో పుట్టినవాడు, అంటే మన వడ్డెరలకు చుట్టమే. అందులో జబ్యా అనే పిల్లవాడు తోటి పిల్లలు చూస్తుండగా ఇంటివాళ్లతో కలిసి పందిని పట్టాలి. మధ్యలో బడిలో జనగణమన వినబడితే పందిని వదిలేసి అందరూ కదలకుండా నిలబడతారు. చివరికి జబ్యా రాయి విసురుతాడు. అది నేరుగా చూసేవాళ్ల మీదికి వస్తుంది. ఏ ఆఫీసరూ రాడు. నాకు జాలి వేయలేదు, సిగ్గు వేసింది, కోపం వచ్చింది. అది కావాలి మనకు.

టీచర్లకు నాదొక మనవి. బడిలో కులం గురించి సినిమా వేస్తే ‘ఫండ్రీ’ వేయండి. ‘ఆర్టికల్ 15’ వేస్తే, అయిపోయాక మమ్మల్ని మాట్లాడనివ్వండి. మన తెలుగు బడి కూడా రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కుతోనే నడుస్తోంది. ఆ హక్కుతో మన భాషలో చదువుకుంటున్నాం. మన కథ కూడా మన నోటితోనే చెప్పుకుందాం.