పరభాషాభ్యాసము – స్వభాషాభిమానము

కొన్ని దినముల క్రిందట రోలుగుంట ప్రాంతమునుండి యొక రైతు నా యొద్దకు వచ్చెను. భూమి తగవునకు సంబంధించిన కాగిత మొకటి యతని చేత నుండెను. కాగితము ఇంగ్లీషులో నున్నది. వెంట ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమారుడు గలడు. “మావాడిది ఇంగిలీసు మీడియం బాబూ, వాడే చదువుతాడు” అని తండ్రి సగర్వముగా కాగితమును కుమారుని కిచ్చెను. బాలుడు తడబడక మొదటినుండి తుదివరకు చదివెను. “దీని యర్థమేమి నాయనా?” అని యడిగితిని. బాలుడు తల వంచుకొనెను. నేను తెలుగున చెప్పితిని. దావా యననేమి, ప్రతివాది యననేమి, వాయిదా యననేమి యని యా బాలుడు మరల నన్నడిగెను. తండ్రికి మాత్ర మా మాటలన్నియు తెలియును. చదువగలవానికి అర్థము లేదు. అర్థ మెరిగినవానికి చదువు లేదు. ఒక్క బల్లమీద ప్రక్కప్రక్కన కూర్చున్న తండ్రికొడుకుల మధ్య నింత దూర మెట్లు కలిగెను?

ఈ తండ్రిని నిందించుట న్యాయము కాదు. ఆంగ్లవిద్యను కోరుట అవివేకమని పలుకువారు తరచుగా తమ బిడ్డలను ఆంగ్ల పాఠశాలలకే పంపుచున్నారు. పేదవానికి మాతృభాషాభిమానమును బోధించి, తాము పరభాషాఫలమును భుజించు పెద్దమనుష్యులు మనలో కొల్లలుగా నున్నారు. నేనును ఇంగ్లీషు వలననే జీవనము గడపుచున్నవాడను. రాజ్యాంగము 348వ అధికరణము ప్రకారము ఉన్నత న్యాయస్థానముల వ్యవహారము సామాన్యముగా ఇంగ్లీషుననే జరుగుచున్నది. విశాఖపట్టణమున నుద్యోగమునకు పోయినను, సముద్రములు దాటి అమెరికాకు పోయినను ఆ భాషయే ద్వారము తెరచుచున్నది. ఆ ద్వారము ధనికుని బిడ్డకు తెరచి, రోలుగుంట రైతు బిడ్డకు మూయవలెనని కోరు దేశాభిమానము దేశాభిమానమే కాదు.

కావున ఇంగ్లీషు వలయునా వలదా యనునది ప్రశ్న కాదు. ఇంగ్లీషును నేర్చుట వేరు. ఇంకను నేర్వని ఇంగ్లీషులో సమస్త విషయములను నేర్చుట వేరు. మొదటిది విద్య, రెండవది కంఠస్థము. ఈ రెంటిని మనము కలగలిపితిమి. 1835లో మెకాలే తన సుప్రసిద్ధ లేఖనమున మన భాషలను తృణీకరించెను. కాని 1854 నాటి వుడ్డు దొరగారి తాకీదు సహితము, సామాన్య ప్రజలకు విజ్ఞానము దేశభాషల ద్వారముననే చేరవలెనని యొప్పుకొనెను. పరప్రభుత్వ మొప్పుకొనినదానిని స్వప్రభుత్వము మరచుట వింత గాదా? రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభింపవలెనని చెప్పుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలోనే యుండవలెననుచున్నది. అయినను 2019లో మన రాష్ట్ర ప్రభుత్వము బడులన్నిటను ఇంగ్లీషు మాధ్యమమునకు ఉత్తరువిచ్చెను. 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసెను. వివాదము సుప్రీముకోర్టు కెక్కెను. న్యాయస్థానములు ఉత్తరువులను కొట్టివేయగలవు గాని, తండ్రుల గుండెలలోని భయమును కొట్టివేయలేవు.

పరభాష నెట్లు నేర్వవలెనో తెలియగోరువారు చార్లెస్ ఫిలిప్ బ్రౌను చరిత్రను చూచెదరు గాక. 1817లో చెన్నపట్టణమునకు వచ్చినప్పుడు ఆయనకు తెలుగు రాదు. పండితుల నాశ్రయించి నేర్చెను. వేమన పద్యములను సేకరించి 1829లో అచ్చొత్తించెను, సొంత ధనము వెచ్చించి తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను, నిఘంటువులను నిర్మించెను. ఇంత చేసియు ఆయన తన ఇంగ్లీషును విడిచెనా? విడువలేదు. తన భాషలో నిలిచి మన భాషను చేపట్టెను. ఆ నిఘంటువున ప్రతి తెలుగు మాటకు ప్రక్కన ఇంగ్లీషు అర్థమున్నది. రెండవ భాష యనగా నిదియే. మొదటిది లేనివానికి రెండవది యెట్లు గలుగును?

దూరదేశీయుని మాట యటుండనిండు. మన అనకాపల్లి జిల్లాలోని యస్. రాయవరమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారు ఇంగ్లీషున కవిత్వము వ్రాయగలిగిన పండితులు. అట్టివారు ప్రజలతో మాటాడవలసి వచ్చినప్పుడు తెలుగున ‘కన్యాశుల్కము’ వ్రాసిరి. అందు గిరీశము వెంకటేశమునకు ఇంగ్లీషు నేర్పెదనని చేరి, చుట్ట కాల్చుట నేర్పెను. నేడు మన వీథులలో గిరీశములు బోర్డులు కట్టుకొని కూర్చున్నారు. కంఠపాశము, బూటులు, నాలుగు ముక్కలు వల్లించుట – ఇవియే ఆంగ్లసంస్కృతి యని వెంకటేశములు నమ్ముచున్నారు.

నూతన సంస్కృతికి అలవడుట తప్పు గాదు. కాలనియమము, వరుసలో నిలిచి తనవంతు వచ్చువరకు వేచియుండుట, తెలియనిదానిని తెలియదని నిస్సంకోచముగా చెప్పుట – వీనిని ఎవరినుండి నేర్చినను మేలే. కాని అలవడుటకు సిగ్గు మూలము కారాదు. తెలుగు మాధ్యమమున చదివి న్యాయకళాశాలలో ప్రవేశించిన తొలినెలలలో నేను తరగతిలో నోరు విప్పలేదు. తప్పు పలికిన నవ్వుదురను భయము నన్ను మూగవానిని జేసెను. తుదకు నన్ను గట్టెక్కించినది ధైర్యము గాదు, తెలుగే. రాత్రులయందు ఒక్కొక్క తీర్పును తెలుగున వ్రాసికొని, మరల ఇంగ్లీషులోనికి త్రిప్పి, మూలముతో సరిచూచుకొనెడివాడను. ఇప్పుడో, ఆవరణలో తెలుగు పలికిన బిడ్డలను దండించు పాఠశాలలు గలవు. తల్లితో మాటాడు భాష నేరమని తలచిన బాలుడు రేపు తల్లినిగూర్చి యేమని తలచును?

ఇచ్చట మన తప్పునుగూడ నొప్పుకొనవలెను. మనకు పడమట నున్న కొండలలో కువి మొదలగు భాషలు పలుకు బిడ్డలు గలరు. వారికి తెలుగే రెండవ భాష, ఇంగ్లీషు మూడవది. మెకాలే మనకు చేసినదానిని మనము వారికి చేయుట లేదా? పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు సవరలకు చదువు చెప్పదలచి, ముందుగా తామే సవరభాష నేర్చిరి. దానికి వ్యాకరణము, నిఘంటువు రచించిరి. గురువు శిష్యుని భాష నేర్చిన పిమ్మటనే శిష్యుడు గురువు భాష నేర్చును. తెలియని భాషలో వచ్చిన శాసనము ప్రజల కెట్లుండునో ఈ మన్యము నకు తెలిసినంతగా మరియెవ్వరికి తెలియును? 1882 నాటి చెన్నరాష్ట్రపు అటవీ శాసనము పోడును నిర్బంధించినది. అది పుట్టిన భాషను కొండవారు చదువలేరు. దాని ఫలమును మాత్రము వారనుభవించిరి. ఆ కష్టములనుండియే 1922లో అల్లూరి సీతారామరాజు పితూరి లేచెను. ఆ వీరుని సమాధి మన సమీపముననే కృష్ణదేవిపేటలో నున్నది.

కర్తవ్యమేమి? ప్రాథమిక విద్య మాతృభాషలో నుండవలెను. మొదటి తరగతినుండియే ఇంగ్లీషును ఒక భాషగా, మాటాడుట నేర్చిన ఉపాధ్యాయులు, మాటాడించుచు నేర్పవలెను. 2020-21 నుండి ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా అచ్చొత్తిన పాఠ్యపుస్తకములు బడులకు వచ్చినవి. ఈ మేలిపనిని సద్వినియోగము చేయవలెను. తెలుగు పుట మడిచి దాచుటకు గాదు, దానిపై నిలిచి ఎదుటి పుటను అందుకొనుటకు. 1966 నాటి అధికార భాషా చట్టమును చూపి, కచేరీల నోటీసులను తెలుగున నిమ్మని మనము పట్టుబట్టవలెను.

ప్రభుత్వము చేయువరకు మనము చేతులు ముడిచి కూర్చుండరాదు. నర్సీపట్టణముననేమి, రోలుగుంటలోనేమి, పఠనాలయము గలచోట నెల్ల వారమునకు రెండు సాయంకాలములు వకీళ్లు, విశ్రాంత ఉపాధ్యాయులు బాలురను బాలికలను చేర్చి, ఒక్కొక్క ఇంగ్లీషు కాగితమును చదివించి తెలుగున చెప్పింపవలెను. తెలుగు కాగితమును ఇంగ్లీషున చెప్పింపవలెను. తప్పు పలికినవానిని చూచి నవ్వరాదను నియమ మొక్కటి చాలును. ఇందులకు రుసుము లేదు, ఉత్తరువు అక్కరలేదు.

ఆ రైతు పోవుచు, “మావాడు ఎప్పటికైనా మీలాగ చెప్పగలడా బాబూ?” అని యడిగెను. చెప్పగలడంటిని. వచ్చు శనివారము సాయంకాలము పంపుమంటిని. మాట యిచ్చితిని గనుక నేను అచ్చట నుందును. తక్కిన వకీలు సోదరులు, ఉపాధ్యాయులు ఎందరు వత్తురో చూడవలసియున్నది.