నెట్ సెంటర్లో బ్యాంకు

2006కు ముందు కరీంనగర్ శ్రీ శాతవాహన గ్రామీణ బ్యాంకులో ఖాతా తెరిచిన రైతు తనంతట తాను ఏనాడూ బ్యాంకు మారలేదు. మారిందల్లా పాస్‌బుక్కు మీది పేరు. ఆ ఏడాది ఆదిలాబాద్ శ్రీ సరస్వతి, నిజామాబాద్ శ్రీరామ, గోల్కొండ గ్రామీణ బ్యాంకులతో కలిసి అది దక్కన్ గ్రామీణ బ్యాంకు అయింది. 2014లో తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయింది. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు కూడా వచ్చి అందులో చేరాయి. పట్నంలో జీతగాళ్ల సంగతీ అంతే. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి.

విలీనం జరిగిన ప్రతిసారీ బ్రాంచి ముందు కొత్త బోర్డు వెలిసింది. ఇంటర్నెట్‌లో బ్యాంకు ఇకపై ఏ అడ్రస్‌లో ఉంటుందో ఖాతాదారును కూర్చోబెట్టి చెప్పినవారు అరుదు. దాంతో చాలామంది బ్యాంకు పేరును గూగుల్‌లో కొట్టి, పైన ఏది కనిపిస్తే దాన్ని నొక్కడానికి అలవాటు పడ్డారు. దొంగకు కావాల్సింది సరిగ్గా ఈ అలవాటే. డబ్బు కడితే ప్రకటన రూపంలో పైవరుసలో చోటు దొరుకుతుంది, అసలు సైటును పోలిన పేజీ తయారుచేయడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు.

ఈ చిక్కును విప్పే మంచి పని ఒకటి రిజర్వు బ్యాంకు చేసింది. దేశంలోని బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31లోగా తమ వెబ్‌సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకు మార్చుకోవాలని ఆదేశించింది. ఆ చిరునామాలను ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే ఉంది. 1996లో రిజర్వు బ్యాంకే నెలకొల్పిన ఈ సంస్థ బ్యాంకులకు తప్ప మరెవరికీ ఆ పేరు ఇవ్వదు. ఎస్‌బీఐ నెట్ బ్యాంకింగ్ ఒకప్పుడు డాట్ కామ్‌లో ఉండేది, తర్వాత డాట్ ఎస్‌బీఐకి వెళ్లింది, ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు చేరింది. ఇకనైనా ఖాతాదారు ఒక్క తోకను గుర్తుపెట్టుకుంటే చాలు.

కాకపోతే ఆ తోక ఎక్కడుండాలో కూడా తెలియాలి. అడ్రస్‌లో మొదటి ఒంటి ఏటవాలు గీతకు (/) ముందు, చిట్టచివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఉండాలి. దాని తర్వాత మరో చుక్క, మరో పేరు తగిలించి ఉంటే అది బ్యాంకు కాదు. అడ్రస్ పక్కన తాళం గుర్తును చూసి ధైర్యపడే రోజులు ఎప్పుడో పోయాయి. నకిలీ సైట్లూ ఆ తాళాన్ని తెచ్చుకుంటున్నాయని, జనం దాన్ని నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారని గూగుల్ 2023లో క్రోమ్ నుంచి ఆ బొమ్మనే తీసేసింది.

ఫోన్‌పే, గూగుల్ పే ఉండగా బ్రౌజర్‌తో పనేమిటని అడగొచ్చు. జమ్మికుంటలోనో ఆదిలాబాద్‌లోనో పత్తి వ్యాపారి లక్షల్లో ఆర్‌టీజీఎస్ చేయాలి. దుబాయిలో పనిచేసే జగిత్యాల మనిషి తన ఎన్‌ఆర్‌ఈ ఖాతా చూసుకోవాలి. పిల్లల ఫీజు, ఫిక్స్‌డ్ డిపాజిట్, నామినీ మార్పు, లోనుకు స్టేట్‌మెంట్ వంటి పనులకు నేటికీ చాలామందికి బ్రౌజరే దిక్కు. ఇంట్లో కంప్యూటర్ లేనివారు మీసేవ కేంద్రానికో, జిరాక్స్ షాపుకో, నెట్ సెంటర్‌కో పోతారు. అసలు ప్రమాదం అక్కడుంది.

అక్కడి కంప్యూటర్‌లో విండోస్ 7 ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే మద్దతు ఆపేసింది. దాని మీద నడిచే చివరి క్రోమ్ 109వ వెర్షన్. 2023 ఫిబ్రవరి నుంచి వచ్చిన క్రోమ్‌లకు విండోస్ 10 ఉండాల్సిందే. ఆ విండోస్ 10కూ 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ముగిసింది. ఫోన్‌లోనూ ఇదే కథ. 2025లో వచ్చిన క్రోమ్ 139కు ఆండ్రాయిడ్ 10 కావాలి. కొడుకు గల్ఫ్ నుంచి తెచ్చి తల్లికిచ్చిన పాత ఫోన్‌లో బ్రౌజర్ తెరుచుకుంటుంది, పేజీలూ వస్తాయి. భద్రతా ప్యాచ్‌లు మాత్రం ఆగిపోయి ఉంటాయి. ఆ సంగతిని ఆమె గమనించకపోవచ్చు.

అందుకే క్రోమ్ మంచిదా, ఎడ్జ్ మంచిదా అన్న చర్చకు పెద్ద విలువ లేదు. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, శాంసంగ్ ఇంటర్నెట్ అన్నింటికీ క్రోమియమే పునాది. చూడాల్సింది అది తాజాగా ఉందా లేదా అన్నదే. ఫైర్‌ఫాక్స్ సంగతి కొంచెం వేరు. క్రోమ్ వదిలేసిన విండోస్ 7కు కూడా తన 115 ఈఎస్‌ఆర్ వెర్షన్ ద్వారా అది చాలాకాలం ప్యాచ్‌లు ఇస్తూ వచ్చింది. పాత కంప్యూటర్ పూర్తిగా భద్రమైపోతుందని కాదు, ఉన్నంతలో మెరుగు. ‘ఇండ్ల ఓపెన్ అయితలేదు, క్రోమ్‌ల చూడు’ అనిపించే బ్యాంకు సైటు ఆ చిన్న ఆసరాను కూడా తీసేస్తోంది.

ఒకే బ్రౌజర్‌కు దేశమంతా కట్టుబడితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. 1990ల చివర అక్కడ సొంత ఎన్‌క్రిప్షన్ పద్ధతి తయారుచేసుకుని, దాన్ని యాక్టివ్‌ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ అనుబంధ ప్రోగ్రాముల పద్ధతి ద్వారా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో నడిపారు. భద్రత కోసం మొదలైన ఏర్పాటే సంకెలగా మారింది. బ్యాంకు పని కావాలంటే ఎక్స్‌ప్లోరర్ ఉండాలి, వరుసగా ప్రోగ్రాములు ఎక్కించుకోవాలి. ఏది అడిగినా ‘ఎస్’ నొక్కడం జనానికి అలవాటైపోయింది. ఆ ఏర్పాటులో ఖాతాదారు గుర్తింపుకు వాడిన, ప్రభుత్వ గుర్తింపున్న డిజిటల్ సర్టిఫికెట్ల ప్రత్యేక హోదాను 2020 డిసెంబర్‌లో గాని తొలగించలేకపోయారు. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌కే మైక్రోసాఫ్ట్ స్వస్తి పలికింది.

నెట్ సెంటర్లో మరో ఉచ్చు ఉంది. అక్కడి క్రోమ్‌లో యజమాని జీమెయిల్ తెరిచి ఉండి, సింక్ ఆన్‌లో ఉంటే, ఖాతాదారు తొందరలో ‘సేవ్ పాస్‌వర్డ్’ నొక్కిన మరుక్షణం అది యజమాని ఖాతాలో దాఖలవుతుంది, ఆయన ఫోన్‌లోకీ చేరుతుంది. ఆయన ఎంత నిజాయితీపరుడైనా అది జరగకూడని పని. గెస్ట్ విండో తెరిస్తే ఈ గండం తప్పుతుంది. కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరాన్నీ దొంగిలించే ప్రోగ్రాము ఆ కంప్యూటర్‌లో ఉంటే మాత్రం గెస్ట్ విండో కూడా ఏమీ చేయలేదు. సొంత ఫోన్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్ వేరు, అది రక్షణే. నకిలీ అడ్రస్‌లో బ్రౌజర్ దాన్ని తనంతట తాను నింపదు. రోజూ వచ్చే పాస్‌వర్డ్ ఇవాళ రాలేదంటే అక్కడే ఆగాలి.

డబ్బు పోయాక తప్పెవరిదన్న ప్రశ్న వస్తుంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారు నష్టపోనక్కర్లేదు. రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదే. కానీ ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయిందని తేలితే, ఫిర్యాదు చేసేలోగా పోయినదంతా ఆయన నెత్తినే పడుతుంది. ఉట్నూరులో వేరే దారిలేక పరాయి కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషిని నిర్లక్ష్యపరుడు అనడం అన్యాయం. అదే నిర్లక్ష్యం బ్యాంకుల్లో లేదా? 2022 జనవరిలో హైదరాబాద్ మహేష్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా కాజేసిన దొంగలు లోపలికి వచ్చింది సిబ్బంది తెరిచిన మోసపు ఈమెయిళ్ల ద్వారానే. భద్రతా లోపాలకు ఆ బ్యాంకుపై రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. కంప్యూటర్ విభాగం ఉన్న సంస్థే మోసపోయినప్పుడు, ఒంటరి ఖాతాదారు నుంచి అంతకు మించిన జాగ్రత్త ఆశించడం తగదు.

కాబట్టి పని మొదలవ్వాల్సింది బ్యాంకుల వైపు నుంచి. కొత్త అడ్రస్‌ను పాస్‌బుక్కు అట్ట మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలి, 1930 సైబర్ నేరాల నంబరును దాని పక్కనే వేయాలి. ఏ బ్రౌజర్లలో, ఏ వెర్షన్ నుంచి సైటు పనిచేస్తుందో తెలుగులో చెప్పాలి, ఆ జాబితాలో ఫైర్‌ఫాక్స్ ఉండాలి. పాత బ్రౌజర్‌తో వచ్చినవారికి లోపలికి రానిచ్చే ముందే హెచ్చరిక చూపాలి. కలెక్టర్ల అధ్యక్షతన బ్యాంకర్లు కూర్చునే జిల్లా సంప్రదింపుల కమిటీలో రుణ లక్ష్యాల లెక్కలతోపాటు మీసేవ కేంద్రాల కంప్యూటర్ల వయసూ చర్చకు రావాలి. ఆదిలాబాద్, కరీంనగర్ కలెక్టర్లు వచ్చే సమావేశం ఎజెండాలోనే దీన్ని చేర్చవచ్చు.